గడ్డి చుట్టూ దారి

మా పక్కింటి బాబాయిగారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున, షికాగో ట్రైన్‌లో ఉండగా తెలిసింది. వాళ్లమ్మాయే ఫోన్ చేసింది. "నాన్న ఇక లేరక్కా. హాస్పిటల్లోనే, నిద్రలో పోయారు" అంది. "ఆదివారం పిల్లల్ని ఎవరు నడిపిస్తారో చూసుకోమని నిన్న మీకు చెప్పమన్నారు" అని కూడా అంది. ట్రైన్ ఖాళీ అయిపోయినా నేను సీట్లోంచి లేవలేకపోయాను.

ఆయనది అనంతపురం. ఉద్యోగమంతా భూగర్భ జలశాఖలో. రైతుల పొలాల్లో ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెప్పడమే పని. రిటైరై, పిన్నిగారు పోయాక, నేపర్‌విల్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చారే గానీ ఆ కళ్లు నేలని వదల్లేదు. పార్కుకి వెళితే అందరం బాతుల్ని చూస్తాం, ఆయన చెప్పులు విప్పి గడ్డిలో నిలబడి చిటికెడు మట్టి వాసన చూస్తారు. ఒకసారి మా టమాటా మొక్కల దగ్గర నిలబడి, "ఈడ బోరేస్తే తొందరగానే రాయి తగుల్తాది తల్లీ" అన్నారు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఊళ్లో నాకు బోరెందుకండీ! నేను నవ్వితే ఆయన నాకంటే గట్టిగా నవ్వారు.

ఆదివారాలు మేం పిల్లలకి తెలుగు క్లాసు నడుపుతాం. పావుగంట డ్రైవ్‌లో ఉన్న ఒక పాత ఊళ్లో, చర్చి బేస్‌మెంట్ హాల్లో. కోఆర్డినేటర్ని నేనే, అంటే అందరిచేతా మాటలు పడేదాన్ని. మూడేళ్ల కిందట పిల్లలు పెరిగారు, కార్లు పెరిగాయి, ఆ వీధివాళ్లు కంప్లైంట్ చేశారు. పార్కింగ్ చూపించకపోతే క్లాసు ఆపుకోవాల్సిందేనని సిటీ నుంచి నోటీసొచ్చింది. చర్చి పక్కన పెద్ద గడ్డి స్థలం ఖాళీగా పడి ఉంది. దానికి తారు వేయమని, వేసిన ఖర్చు మేం భరిస్తామని పేరెంట్స్ అందరిచేతా సంతకాలు పెట్టించింది నేనే. ఆ స్థలం ఒకప్పుడు శ్మశానమట. కలరాతో, బాబాయిగారి మాటల్లో గత్తరతో, పోయినవాళ్ల పేర్లు చర్చి పాత పుస్తకంలో ఉన్నాయి. అయితే సమాధులన్నీ ఎప్పుడో ఊరి బయటికి మార్చేశారని అందరూ చెప్పేవారు. పాస్టరమ్మ కూడా అదే నమ్మి సరేనంది.

ఆ ఆగస్టులో చినుకు లేదు. మనవరాలిని క్లాసులో దింపడానికి వచ్చిన బాబాయిగారు నన్ను బయటికి పిలిచారు. గడ్డంతా ఎండిపోయి ఉంది. మధ్యమధ్య మాత్రం పచ్చటి చారలు.

"అన్నీ తూర్పు పడమరగా, వరసగా ఉండాయి చూడు. నీళ్లు ఇట్ల గీత గీసినట్టు పారవు. ఎవురో తవ్వి పూడ్చిన చోట్లు ఇవి. తవ్విన మట్టిలో తేమ నిలుస్తాది."

"సమాధులు మార్చేశారు కదా బాబాయిగారూ."

"రాళ్లు తీసుకపోయింటారు తల్లీ. గత్తరతో పోయిన మనుషుల్ని మళ్లీ తవ్వే ధైర్యం ఎవురికుంటాది?"

రెండడుగులు వేసి, పొట్టిగా ఉన్న నాలుగైదు చారల దగ్గర ఆగిపోయారు. అవి మా ఒకటో తరగతి పిల్లలంత పొడుగున్నాయి. అవి ఎవరివో నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్లు మండింది.

"పోయినవాళ్ల కోసం బతికున్న పిల్లల క్లాసు మూసేయమంటారా?" అనేశాను. తండ్రి వయసు మనిషిని, వీధిలో నిలబెట్టి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆయనకి కోపం రాలేదు. "మూయమని ఎవురన్నారు? కార్లు దూరంగా పెట్టుకుందాం. నడుచుకోని వద్దాం" అన్నారు.

పాస్టరమ్మ దగ్గరికి ఆయనే వెళ్లారు. తర్వాత యూనివర్సిటీ వాళ్లొచ్చి నేల లోపల ఏముందో చూపించే, గడ్డి కోసే మిషన్‌లాంటి యంత్రమొకటి ఆ స్థలమంతా తోసుకుంటూ తిరిగారు. బాబాయిగారి చారలన్నీ సమాధులే. ఆయనకి కనపడని వరసలు కూడా ఉన్నాయట. తారు ఆగిపోయింది. "మీ బాబాయిగారి పుణ్యమా అని ఇక క్లాసు గోవిందా" అని నన్ను దెప్పినవాళ్లున్నారు. ఆయన మాత్రం అర మైలు దూరంలో ఒక కిరాణా స్టోర్ వెనకాల పార్కింగ్ లాట్ ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటుందని కనిపెట్టి, తన అనంతపురం ఇంగ్లీషుతో ఆ మేనేజర్‌ని ఒప్పించి వచ్చారు. క్లాసు నిలబడింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరెంజ్ జాకెట్ వేసుకుని ముందు ఆయన, వెనకాల ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని పిల్లలు. చర్చి మూలకి రాగానే, గడ్డికి అడ్డంగా వెళితే తలుపు ఇరవై అడుగుల్లో ఉన్నా సరే, చుట్టూ తిప్పి తీసుకొచ్చేవారు. "అడ్డం పోగూడదు. మనుషులు పడుకోనుండారు" అనేవారు. ఆ మాటకి పిల్లలు భయపడతారేమోనని నేను హడలిపోయేదాన్ని. వాళ్లేమో గడ్డివైపు చెయ్యూపి "హాయ్" చెప్పి వెళ్లేవారు.

ఒకసారి ఆ నడకలోనే నాతో అన్నారు: "మా చెల్లెలు గత్తరకే పోయింది తల్లీ. నాలుగేండ్ల బిడ్డ. ఊరి బయట అందరితో పాటు పూడ్చినారు. నన్ను చూడనీలా. జిల్లా అంతా నేల చూసినా గానీ ఆ చోటు మాత్రం తెలీలా. మా వాళ్లు ఎవురూ గుర్తు పెట్టుకోలా. రోడ్డేసినారు. ఆ రోడ్డు కిందనే యాడనో ఉంటాది." అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఆనాడు నేనన్న మాటకి క్షమించమని అడగాల్సింది అప్పుడే. వెనక పిల్లలున్నారని సాకు చెప్పుకుని ఊరుకున్నాను.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం ఆయన హాస్పిటల్లో ఉన్నారు. పిల్లల్ని నేను నడిపించాను. చలి, పైగా వాన. చిన్నవాళ్లు వణుకుతున్నారు. అప్పటికే లేటు. మూల దగ్గరికొచ్చాక ఎవరు చూస్తారులే అని గడ్డికి అడ్డంగా తీసుకెళ్లిపోయాను. సాయంత్రం ఆయన ఫోన్.

"గడ్డి మీంద ఎవురూ పోలేదు కదా తల్లీ?"

"లేదు బాబాయిగారూ."

"మంచిది. మంచి పని చేసినావు."

నేను ఆయనతో మాట్లాడిన చివరి మాట ఆ అబద్ధం. మంగళవారానికే ఆయన లేరు.

మొన్న ఆదివారం తెల్లవారేసరికి ఈ ఏడు మొదటి మంచు, పల్చగా. వాళ్లమ్మాయి ఆ ఆరెంజ్ జాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. వేసుకుంటే జేబులో ఆయన చేతిరుమాలు తగిలింది. చర్చి మూల రాగానే అందరూ ఆగారు. ముందున్న ఆయన మనవరాలు నా మొహంలోకి చూసి, "ఆంటీ, టుడే ఎటు?" అని అడిగింది.

దాని తప్పేముంది! పోయినసారి అడ్డదారి చూపించింది నేనే.

"లాస్ట్ వీక్ నేను తప్పు దారిలో తీసుకొచ్చాను నాన్నా. తాతగారు అడిగితే అబద్ధం కూడా చెప్పాను" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని చుట్టూ ఉన్న దారివైపు లాగింది.

అందరూ లోపలికి దిగాక వెనక్కి తిరిగి చూశాను. నేల కాస్త గుంటపడిన చోటల్లా మంచు ఎక్కువ నిలిచి, వరసలన్నీ మరింత తెల్లగా కనిపిస్తున్నాయి, పొడుగువీ పొట్టివీ. వాటి మీద ఒక్క అడుగు లేదు. పిల్లల బూట్ల గుర్తులన్నీ ఆ స్థలం అంచునే పట్టుకుని, మూల దగ్గర తిరిగి, తలుపుదాకా వచ్చాయి.