ప్రిసిల్లా పెళ్లికి రెండో దరఖాస్తు

వీసా రాలేదన్నందుకు కాదు, వీసా ఆఫీసు పంపిన కాగితంలోని ఒక్క వాక్యానికి ప్రిసిల్లా ఒళ్లు మండింది. ఈ పెళ్లి నిజమైనదని నమ్మకం కలగలేదట! సీతాఫల్‌మండిలో నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ, చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటున్నా నలభై ఆరేళ్లకు రెండో పెళ్లి చేసుకున్న మనిషి. ఆమె పెళ్లి అబద్ధమట.

మొదటి భర్త జెరెమియా గుండెపోటుతో పోయి చాలా ఏళ్లయింది. రెండో భర్త జ్ఞానశేఖర్‌ కూడా భార్య పోయినవాడే. చిలకలగూడలో పుట్టి, ఇంగ్లండ్‌లో బస్సు నడుపుతూ అక్కడే స్థిరపడ్డాడు. ఈ సంబంధం వెతికింది ఎవరనుకున్నారు? జెరెమియా తల్లి కాంతమణి! యాప్రాల్‌లో కూతురి దగ్గర ఉండే ఆ పెద్దావిడ, కోడలి ఒంటరితనం చూడలేకపోయింది.

చుట్టాలు అలిగారు. ప్రిసిల్లా సొంత అన్న నతానియేల్‌ అయితే పరువు పోతుందని పెళ్లిరోజు చర్చి ఛాయలకే రాలేదు. బ్యాండు లేదు, ముసుగు లేదు, విందు లేదు. తీసిన కాసిని ఫోటోల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే. తండ్రి నిలబడాల్సిన చోట కాంతమణి నిలబడి, ప్రిసిల్లా చేతిని జ్ఞానశేఖర్‌ చేతిలో పెడుతున్న ఫోటో.

మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు దాన్నే వీసా ఏజెంటు రాఘవేందర్‌ ఫైల్లోంచి తీసేశాడు. "మొదటి మొగుడి తల్లి ఎందుకు మేడమ్‌? ఆఫీసర్‌ కన్‌ఫ్యూజ్‌ అయితడు" అన్నాడు. ప్రిసిల్లా తలూపింది. పైకి అనలేదు గానీ, ఆ ఫోటో చూపడానికి ఆమెకూ సిగ్గేసింది. ఇక ఫైల్లో మిగిలిందేమిటి? అయినవాళ్లు ఒక్కరూ లేని పెళ్లికూతురు. అది చూసి నమ్మలేదని ఆఫీసరును తిట్టి ఏం లాభం?

కట్టిన ఫీజు పోయింది. రాఘవేందర్‌ మాత్రం తగ్గలేదు. "అల్వాల్‌ల ఫంక్షన్‌ హాల్‌ మాట్లాడుత. సార్‌ను రప్పియ్యండి, రిసెప్షన్‌ ఫోటోలు తీద్దాం. మనుషులను నేను తెస్త."

"కిరాయి చుట్టాలా? నా పెళ్లి నిజమని చెప్పనీకి అబద్ధమాడాల్నా? నా ఫైలు ఇటియ్యి."

ఆ సాయంత్రం జ్ఞానశేఖర్‌ ఫోన్‌లో డీలాపడ్డాడు. "పరేషాన్‌ కాకు ప్రిసిల్లా. మళ్ల అంత ఫీజు ఎందుకు? ఈడ పని ఇడిసిపెట్టి నేనే వచ్చేస్త."

"మీరు రావద్దు. వస్తే మన పెళ్లి అబద్ధమన్న వాళ్ల మాటనే నిలుస్తది. తప్పు రాసిన పిల్లలకు నేను సున్నా ఎయ్య, మళ్ల చెయ్యమంట. నేను సుత మళ్ల చేస్త."

ఈసారి ఏజెంటు లేడు. దాచుకున్న జీతం తీసి ఫీజు కట్టింది. ఎవరు ఆరా తీసినా ఎంత కట్టిందో చెప్పలేదు. ఆ ఫోటోను అన్నిటికంటే ముందు పెట్టింది. దాని వెనక కాంతమణి సాక్ష్యం. పెద్దావిడ చెబుతుంటే ప్రిసిల్లా ఇంగ్లీషులో రాసింది.

"సంతకం కింద ఏం వరుస రాయాలె అత్తమ్మా?"

"అత్త అని రాయి. కొడుకు పోయిండని కోడలు పోతదా? నా చేతులతోని నేనే ఇచ్చిన అని రాయి. సమజ్‌ కాకపోతే నాకు ఫోన్‌ చెయ్యమను."

ఆ ఆఖరి మాట కూడా రాసింది ప్రిసిల్లా, నంబరుతో సహా.

వీసా వచ్చింది. పాస్టరుగారు చర్చిలో ఆ మాట చెప్పిన ఆదివారమే నతానియేల్‌ భార్యతో, స్వీటు డబ్బాతో ప్రిసిల్లా ఇంటికి వచ్చాడు. వెనకాలే అప్పుడు అలిగిన చుట్టాల కుటుంబాలు. కోడలిని సాగనంపడానికి యాప్రాల్‌ నుంచి వచ్చి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న కాంతమణి అందరినీ తేరిపార చూసింది.

"పెళ్లికి ఇప్పుడొచ్చిన్రా? అన్నాలు అయిపోయినయ్‌."

నతానియేల్‌ ఇబ్బందిగా నవ్వి ఫోన్‌ తీశాడు. "రా చెల్లే, అందరం కలిసి ఒక ఫోటో దిగుదాం."

ప్రిసిల్లా వెళ్లి అత్త కుర్చీ పక్కన నిలబడింది.

"వద్దన్నా. నా పెళ్లి ఫోటో ఒకటుంది. అది చాలు."