మామ కప్పును నేను కూల్చిన పూట

మా మామ మిరపకాయల గోడౌను కప్పును ఒక పొద్దున నేను కూల్చేశాను. కంగారు పడకండి, కప్పు ఇవాళ్టికీ నిక్షేపంగా ఉంది. కూలింది నా పరువు. దాంతోపాటు నా పెళ్లి కూడా కూలవలసిందే, వెంట్రుకవాసిలో తప్పింది.

తొంభైలలో నేను తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఎం.ఇ. చదువుతుండేవాణ్ని. పలుచటి కాంక్రీటు కప్పులు బరువుకు ఎంత వంగుతాయో కంప్యూటరు మీద లెక్కకట్టడం నా ప్రాజెక్టు. పద్ధతి పేరు ఫైనైట్ ఎలిమెంట్. పేరుకు భయపడకండి, మా అవ్వ బొంత కుట్టినట్టే. కప్పును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క లెక్క తేల్చి, మళ్లీ అన్నిటినీ కలిపి కుట్టడం.

లెక్కకు ఒక కప్పు కావాలి కదా? విరుదునగర్‌లో మా మేనమామ గోడౌను కొలతలు తీసుకున్నాను. సగం మద్దెలలా వంగి, బెత్తెడు మందం కూడా లేని ఆ కప్పంటే మామకు మహా గర్వం. ఆయన కూతురు సరోజను నాకిస్తామన్నారు. నాకేమో చిన్నప్పటినుంచీ ఆమె అంటే ప్రాణం. నిశ్చయ తాంబూలాలు ఎక్కడంటారా? ఆ కప్పు కిందే. మిరపఘాటుకు చుట్టాలు తుమ్మి చచ్చినా సరే, కప్పు చూడాలి.

ఆ రోజు పొద్దున విరుదునగర్ బస్సెక్కే ముందు ఊరుకోలేక ల్యాబులోకి తొంగిచూశాను. నా లెక్క పూర్తయి, బొమ్మ తెర మీద ఉంది. కప్పు నడుము విరిగిన ఎద్దులా కుంగి నేలను తాకుతోంది. బొమ్మను ప్రింటు తీసి, చంకలో పెట్టుకుని పరుగెత్తాను. సాత్తూరులో బస్సు టీకి ఆగితే డ్రైవరును తిట్టాను కూడా.

నేను చేరేసరికి మా నాన్న, మామ తాంబూలం పళ్లేలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. మావాళ్లలో ఎత్తిన పళ్లెం మార్చుకోకుండా దించితే సంబంధం వద్దన్నట్టే. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా గుమ్మంలోంచే అరిచాను, పళ్లేలు దించేసి అందరూ బయటికి రండని.

తుమ్ములు కూడా ఆగిపోయాయి. కప్పు కూలబోతోందని బొమ్మ విప్పి చూపించాను. ఎవరూ బొమ్మను చూడలేదు, నా మొహం చూశారు. అత్త కళ్లొత్తుకుంది.

"పిల్ల వద్దంటే వద్దని చెప్పేయ్ అల్లుడా," అన్నాడు మామ మెల్లగా. "నా కప్పు మీద ఏంటికి నింద?"

"పిల్ల కావాలి మామా. పిల్ల మీద కప్పు పడకూడదనే చెప్తాండా."

"ఎన్ని గాలివానలు చూసిండాది ఇది. నీ కాయితం చూసి పడిపోతాదా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు పెళ్లికూతురూ పోయేలా ఉంది. అయినా బతిమాలి, పళ్లేలు దింపించి, అందరినీ రోడ్డు మీదికి తోలాను, సాంబారు గుండిగతో సహా. ఎర్రటి ఎండలో అందరం కప్పు వైపే చూస్తూ నిలబడ్డాం. అది కదలలేదు.

అప్పుడు దిగారు మా ప్రొఫెసరు, అతిథిగా, పళ్ల సంచితో. బొమ్మ అందుకుని, మూలనున్న అంకె చదివావా అని తమిళంలో అడిగారు. చదవలేదు. అసలు వంపు కంటికి ఆనదు కాబట్టి కంప్యూటరే దాన్ని వెయ్యింతలు పెంచి గీస్తుందని, ఆ అంకె చెప్పేది అదేనని, ఈ కప్పు నిజంగా వంగేది మిరపగింజంతేనని చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మామ ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుని మీసం దువ్వాడు. పళ్లెం మాత్రం ఎత్తలేదు. దించిన పళ్లెం ఎత్తాలంటే పిల్ల ఒప్పుకోవాలన్నారు పెద్దలు.

"ఏమ్మా, ఈ మొద్దును చేసుకుంటావా?" అడిగింది మా నాన్నే.

సరోజ బొమ్మ లాక్కుని తేరిపార చూసింది.

"చేసుకుంటా మామా. కానీ నేను గోరంత కోపపడితే, బావ ఇట్లా కొండంత చేసి ఊరిని రోడ్డు మీదికి తేకూడదు."

పళ్లేలు మారాయి.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎండుమిరపకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మూలనున్న అంకె చదవకుండా ఇక ఏ బొమ్మనూ నమ్మను. సరోజ కోపం విషయంలో మాత్రం అంకెలు చూడను. ముందు బయటికి పరుగెత్తి, ఆ తర్వాతే లెక్కకడతాను.