ఫోనెత్తిన పిన్నిగారు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే మనిషిని నేను. భయమేసి కాదు, విసుగొచ్చి. బందరు కోర్టులో గుమాస్తాగా ఏళ్ళ తరబడి సాక్ష్యాలు వింటున్నాను. మనుషులు చూసినదాన్ని తడబడుతూ చెబుతారు, చూడనిదాన్ని మాత్రం గట్టిగా చెబుతారు. అందుకని ఇక్కడ నేను విన్నదీ చూసిందీ మాత్రమే రాస్తాను. దానికి అర్థమేమిటని అడిగితే నా దగ్గర లేదు.

మావారు గుడివాడలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవారు. రోజూ బందరు నుంచి బస్సులో వెళ్ళొచ్చేవారు. ఏనుగుల గురించి ఆయన పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడేవారట. తీరా చూస్తే ఆయన చూసిన ఏనుగులన్నీ కాళ్ళకి గొలుసులున్నవే. గుళ్ళ దగ్గరో, సర్కస్ డేరాలోనో. రిటైరయ్యాక ఆఫ్రికా వెళ్ళి, తమ దారిన తాము తిరిగే ఏనుగుల మందని ఒక్కసారి చూడాలన్నది ఆయన కోరిక.

రిటైర్మెంటు కన్నా ముందు నీటికాసులు వచ్చాయి. గ్లాకోమా అంటారే, అది. చూపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. ఒకరోజు నా చేతి గాజు తీసి కంటి ముందు పెట్టుకుని, "ఇదిగో, ఇంతే కనపడుతోంది" అన్నారు. విజయవాడలో డాక్టరుగారు చుక్కల మందు మార్చి, రెండేళ్ళ వరకూ ఫరవాలేదు, చూడాలనుకున్నవేవో ఈలోపు చూసెయ్యండి అన్నారు.

అలా మొదలైంది మా సఫారీ. మొదలైంది అంటే నా పని మొదలైంది. మాకు పిల్లలు లేరు. ఆయన ఫోన్‌లో అక్షరాలు చదవలేరు. కోర్టు నుంచి వచ్చి, వంట చేసి, ఆయన కళ్ళలో చుక్కలు వేసి, అప్పుడు కూర్చునేదాన్ని. దక్షిణాఫ్రికా వీసాకి కావలసిన కాగితాలు, మలేరియా మాత్రలు, విమానం ఎక్కడ మారాలి, జీపు పైకప్పు ఉన్నదా లేనిదా. ముదినేపల్లి నుంచి మా ఆడపడుచు రోజు విడిచి రోజు ఫోన్ చేసి, "అక్కడ అన్నం దొరుకుతుందా వదినా?" అని అడిగేది. జవాబు చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు. వెళ్ళాలన్న ఉత్సాహం ఎప్పుడో పోయింది. ఈ పని అయిపోతే చాలు అన్న స్థితికి వచ్చేశాను.

అడవి అంచున ఒక చిన్న లాడ్జ్ నచ్చింది. మెయిల్ పెడితే వారానికి గానీ జవాబు రావడం లేదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక, మెయిల్ కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో ముందే మనసులో కూడబలుక్కున్నాను. మావారు పక్క కుర్చీలోనే ఉన్నారు.

అవతల కాసేపు గాలి చప్పుడు. తర్వాత ఒక పెద్దావిడ గొంతు. "చెప్పమ్మా" అంది, తెలుగులో.

"మీరు తెలుగువారాండీ?"

"దివిసీమేనమ్మా. నాగాయలంక అవతల. మీదే ఊరు?"

బందరని చెప్పాను. "దగ్గరే గదా!" అని నవ్వింది.

ఇక్కడ నేను ఆశ్చర్యపోయి ఉండాలి. పోలేదు. మనవాళ్ళు లేని చోటు భూమ్మీద ఉండదని మనందరికీ ఒక నమ్మకం. ఏ దేశం వెళ్ళినా ఏదో ఒక మూల ఆవకాయ దొరుకుతుందనుకుంటాం. పైగా పాతకాలంలో మనవైపు వాళ్ళు చెరకు తోటల్లో పనికి అక్కడికి వెళ్ళారని మావారు ఎప్పుడో చెప్పారు. వాళ్ళ తాలూకు ఎవరో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదీ తర్వాత అనుకున్నదే. ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది, అంతే. పిన్నిగారూ అని వరస కలిపేసి, జీపు ఎక్కడానికి మెట్లుంటాయా, అన్నం వండుకోనిస్తారా అని అన్నీ అడిగేశాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆ మధ్య నాతో అంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

మళ్ళీ ఆదివారం తేదీలు ఖాయం చేద్దామని చేశాను. ఆవిడే ఎత్తింది. నాకు సెలవు డిసెంబరులో దొరుకుతుందని చెప్పాను.

"డిసెంబరు వద్దమ్మా. అప్పటికి వానలు పడి చెట్లు కమ్ముకుంటాయి. ఏనుగులు తలోవైపు చెదిరిపోతాయి. ఎండలున్నప్పుడే రండి, అన్నీ నీళ్ళ దగ్గరికే వస్తాయి. సెప్టెంబరులో రండి."

"అప్పుడు సెలవివ్వరు పిన్నిగారూ."

"ఇవ్వకపోతే పోట్లాడి తెచ్చుకో. ఆయన కళ్ళు డిసెంబరు దాకా ఆగవు."

ఆ వెంటనే ఆవిడే అంది. "ఎప్పుడైనా మోపిదేవి వెళ్తే నా పేరున పుట్టలో కాసిని పాలు పొయ్యమ్మా." సరేనండీ అన్నాను. లైను పోయింది.

ఆవిడ అన్నదంతా చెబితే మావారు నావైపు తిరిగి, "కళ్ళ సంగతి ఆవిడకెందుకు చెప్పావు?" అన్నారు.

నేను చెప్పలేదు. చెప్పానేమోనని నాకే అనుమానం వచ్చి ఆయన్నే అడిగాను. ఆలోచించి, "లేదు, చెప్పలేదు. నేను వింటూనే ఉన్నాను" అన్నారు. మెయిళ్ళలో కూడా ఎక్కడా రాయలేదు. చూపు లేని మనిషని తెలిస్తే జీపు ఎక్కించరేమోనని ఆయనే రాయనివ్వలేదు.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. డాక్టరుగారు రెండేళ్ళన్నారు గదా, ఈవిడెవరు? రెండు రోజులు ఆ కోపంతోనే తిరిగాను. మూడో రోజు మా ఆఫీసరుగారి ముందు నిలబడి, సెలవిస్తారా, ఉద్యోగం మానెయ్యమంటారా అని అడిగాను. నా సర్వీసు మొత్తంలో అలా మాట్లాడింది అదొక్కసారే. ఆయన బిత్తరపోయి సంతకం పెట్టేశారు. సెప్టెంబరులో గది కావాలని లాడ్జ్‌కి మెయిల్ పెట్టాను. ఈ హడావిడిలో మోపిదేవి వెళ్ళడం కుదరలేదు. వచ్చాక వెళ్దాంలే అనుకున్నాం.

లాడ్జ్‌లో దిగగానే తెలుగు పిన్నిగారేరీ అని అడిగాను. ఆఫీసులో ఉన్నది థాండి అనే అక్కడి అమ్మాయి. తెలుగువాళ్ళు, అసలు మనదేశం వాళ్ళెవరూ తమ దగ్గర ఎప్పుడూ పనిచెయ్యలేదంది. నేను ఫోన్లో మాట్లాడానంటే, ఆ అమ్మాయి నవ్వి, "మాట్లాడింది నాతోనే" అంది. రెండుసార్లూ తనే ఎత్తిందట. నేను చక్కగా ఇంగ్లీషులో మాట్లాడానట. మెట్ల గురించీ అన్నం గురించీ అడిగానట. డిసెంబరులో గదులున్నాయని తను చెబితే సరేనన్నానట. తర్వాత సెప్టెంబరు కావాలని మెయిల్ వస్తే, మనసు మార్చుకున్నారేమో అనుకుందట.

అబద్ధం చెప్పే మొహం కాదు ఆ పిల్లది. అలాంటి మొహాలు నాకు బాగా తెలుసు.

గదిలోకి వెళ్ళాక మంచం మీద కూలబడి, "అలసటలో నేనే ఏదో ఊహించుకున్నానంటారా?" అని మావారిని అడిగాను. ఆయన, "ఫోన్లో అవతలి మాటలు నాకు వినపడలేదు గానీ నీ మాటలు విన్నాను. తెలుగులోనే మాట్లాడావు. పిన్నిగారూ పిన్నిగారూ అన్నావు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని ఎవరైనా అలా అంటారా?" అన్నారు.

మర్నాడు ఎండిపోయిన ఏటి దగ్గర జీపు ఆపారు. ఇసుకలో కాస్త నీళ్ళు మిగిలాయి. ఏనుగుల మంద అక్కడికే వచ్చింది, పిల్లలతో సహా. ఏనుగు మొత్తం ఆయన చూపులో పట్టదు గదా. తొండం దగ్గర మొదలుపెట్టి, తల నెమ్మదిగా తిప్పుకుంటూ, చెవి, వీపు, తోక దాకా చూసి, మళ్ళీ మొదటికి వచ్చేవారు. ఒక్కొక్క దాన్నీ అలాగే చూశారు. నీళ్ళు తాగి అవి వెళ్ళిపోయేదాకా తల తిప్పుతూనే ఉన్నారు. నేను ఏనుగుల్ని సరిగా చూడనేలేదు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక, కార్తీకమాసంలో ఒక పొద్దున మావారు లేచి, "లైటు వెయ్యవే" అన్నారు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఇంత తొందరగా ఎందుకయిందో డాక్టరుగారు కూడా చెప్పలేకపోయారు. మేము మొదట అనుకున్న డిసెంబరు తేదీల్లో, ఆయన వరండాలో గోడ తడుముకుంటూ నడవడం నేర్చుకుంటున్నారు.

తర్వాత ఆయన్ని చెయ్యి పట్టుకుని మోపిదేవి తీసుకెళ్ళాను. పూజారిగారు ఎవరి పేరున అని అడిగారు. అప్పుడు తట్టింది, నేను ఆవిడ పేరే అడగలేదు. మావైపు వరస కలిపాక ఇక పేరుతో పనేముంటుంది? మావారే ముందుకొచ్చి, "ఏనుగుల్ని చూపించిన పిన్నిగారు అనండి" అన్నారు. పూజారిగారు ఆయన కళ్ళవంక చూసి, అలాగే చదివారు. పాలు ఆయనే పోశారు. గిన్నె వంచే చోటు నేను చూపించాను.

జరిగింది ఇదే. థాండి నిజమే చెప్పింది, నేనూ నిజమే చెబుతున్నాను. ఈ రెండూ ఎలా కలుస్తాయో ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు, ఆలోచించడమే మానేశాను.

అప్పుడప్పుడు ఆదివారం భోజనాలయ్యాక ఆ నంబరుకి చేస్తాను. ఆవిడతో ఒక్క మాట చెప్పాలి, ఆయన ఏనుగుల్ని చూశారండీ అని. మావారు పక్క కుర్చీలోంచి, "ఎవరెత్తారు?" అని అడుగుతారు.

"థాండి" అంటాను.

"సరే, బాగున్నావా అని అడిగి పెట్టెయ్యి" అంటారు.