ముగ్గుకు జరిపిన కారు

ఇది ఇంతకాలం ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. అరవై రెండో ఏట నేర్చుకున్నాను. మా పక్కింట్లోకి కిరాయికి వచ్చిన రిటైర్డు టీచరమ్మ నేర్పింది. మధ్యాహ్నం పూట పలక పట్టుకుని ఆమె ఇంటికి పోతుంటే గల్లీలో నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను.

కూడబలుక్కుని చదవడం వచ్చాక, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నేను చదివిన మొదటి పుస్తకం మా బావ సంవత్సరీకానికి ఆయన కొడుకులు అచ్చువేసి పంచింది. బావ అంటే మా ఆయనకు అన్న. పుస్తకం చిన్నదే, మీద ఆయన ఫోటో. లోపల ఒకచోట ఇలా ఉంది: తమ్ముడు పక్షవాతంతో మంచాన పడినప్పుడు ఆ ఇంటి కారు చేజారకుండా ఆయనే అండగా నిలిచారు. ఆ వాక్యం కింద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివాను. నాకు చదవడం సరిగా రాలేదేమోనని టీచరమ్మకు చూపించాను. సరిగ్గానే చదివావు అంది.

అందుకే రాస్తున్నాను. బావ చెడ్డవాడని చెప్పడానికి రాయడం లేదు. మా పిల్లలకు జ్వరమొస్తే బస్సెక్కి వచ్చి చూసిపోయిన మనిషి. కానీ ఆ కారు మా గడప ముందర ఎట్లా మిగిలిందో తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. అచ్చులో పడ్డది నిజమైపోతుందని అందరూ అనుకుంటారు. నేనూ అచ్చులాగే నల్లగా, గట్టిగా రాస్తాను.

సిద్దిపేటలో మాకు స్టీలు గిన్నెల దుకాణం ఉండేది. ఎనభైల చివర్లో మా ఆయన హైదరాబాద్ పోయి ఒకరు వాడిన తెల్ల కారు కొని తెచ్చాడు. చిన్న బండి. వెనక డిక్కీ తలుపు పైకి లేచేది. వెనక సీటు మడిస్తే దుకాణం సామాను సగం దాంట్లోనే పట్టేది. కొమురవెల్లి జాతర రోజుల్లో బిందెలు, తపేలాలు దాంట్లో నింపుకుని పోయి గుడి దగ్గర దుకాణం పెట్టేవాళ్లం. గుంటలో పడ్డప్పుడల్లా గిన్నెలన్నీ ఒక్కసారి మోగేవి. మల్లన్న పసుపు బండారిని మా ఆయన మొదటి ఏడు స్టీరింగుకు పూశాడు. ఎంత తుడిచినా దాని సందుల్లో ఆ పసుపు పోలేదు. కోహెడలో మా అమ్మగారింటికి పోతే వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తా, దాని మీద మామిడికాయల సంచి, ఆ సంచి మీద మా చిన్నవాడు. బండి వెనక భాగం నేలకు ఆనినట్టు ఉండేది. అయినా ఎప్పుడూ దారిలో ఆగలేదు.

కొన్న కొత్తలో మా ఆయన ఏవో కాగితాల మీద నా వేలిముద్రలు వేయించుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. రేషన్ కార్డుకు వేశాను, బ్యాంకులో వేశాను, ఇదీ అట్లాంటిదే అనుకున్నాను.

మాది సన్నని గల్లీ. కారు పెట్టడానికి వేరే జాగ లేదు. గల్లీలోనే ఇంటికి కొంచెం వెనక ఒక గోదాము గోడ ఉండేది, దాని పక్కన పెట్టొచ్చు. కానీ రాత్రి పూట బండి తన కళ్ల ముందరే ఉండాలని మా ఆయన పట్టు. గడపకు ఆనించి పెట్టేవాడు. దాంతో నాకు వచ్చి పడింది. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేయాలి. ముగ్గు పడే జాగలోనే కారు. సాన్పి చల్లని వాకిలి దాటి దుకాణానికి పోవడం మా ఇంట్లో లేదు. కొన్నాళ్లు ఆయన్ను లేపి జరిపించాను. ఒకరోజు విసుక్కుని, బనీను మీదనే బయటికొచ్చి, నన్నే స్టీరింగు ముందర కూర్చోబెట్టాడు.

"ఇగో, గిది చోకు. చలికాలం గుంజాలె. గిది క్లచ్చి, తొక్కు. రివర్సు గిట్ల. మెల్లగ ఇడువు. రేపటి సంది నన్ను లేపకు."

ఆయన నిద్ర కోసం నాకు నేర్పాడు. అంతకంటే గొప్ప ఉద్దేశం ఏమీ లేదు.

అట్లా రోజూ పన్నెండు అడుగులు వెనక్కి. ఎడ్లబండి ఏదన్నా వస్తే దారి కోసం ఒకటో గేరులో కొంచెం ముందుకు. నాకు వచ్చింది అంతే. మొదటి రోజు ఎదురింటి అత్త చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అత్త అంటే చుట్టం కాదు, వరసకు పిలుపు.

"ఏందే కోడలా, కారు తోలుతున్నవా?"

"లేదత్తా, ముగ్గుకు జరుపుతున్న."

"ఓ, ముగ్గుకా. గట్ల చెప్పు మరి" అని తన వాకిలి ఊడ్చుకోసాగింది.

గల్లీ అంతా అదే మాట. ముగ్గుకు జరిపితే అది తోలినట్టు కాదు. ఆరేళ్లు రోజూ ఇంజను స్టార్టు చేసిన మనిషిని, కారు తోలినట్టు ఒక్కరూ లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు. పిండి రుబ్బడం, నీళ్లు పట్టడం లాంటిదే అనుకున్నాను.

ఆ తర్వాత మా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కొంచెం మెత్తబడింది కానీ అర్థమయ్యేది. వారానికి రెండుసార్లు దవాఖానకు తీసుకొస్తే కాలికి కసరత్తు చేయిస్తామని డాక్టరు చెప్పాడు. మొదటిసారి రిక్షాలో తీసుకుపోయాం. ఇద్దరు మనుషులు ఆయన్ను బస్తా లేపినట్టు లేపి కూర్చోబెట్టారు. బజారులో మా దుకాణం గిరాకీలు చూశారు. ఇంటికి వచ్చాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ రిక్షా ఎక్కనన్నాడు. ఎక్కలేదు. మూడు నెలలు మంచం దిగలేదు.

మా గడప నుంచి కారు సీటు ఒక్క అడుగు. నా భుజం పట్టుకుని ఆయన ఆ ఒక్క అడుగు వేయగలడు. అది నేను చూసుకున్నాను. కానీ కారు తోలడానికి మనిషి లేడు. జీతం మీద డ్రైవరును పెట్టుకునే తాహతు మాకు లేదు. బండి గడప ముందరే ఉంది, నేను రోజూ ముగ్గుకు జరుపుతూనే ఉన్నాను, ఆయన మంచం మీద నుంచి ఆ ఇంజను చప్పుడు వింటూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం బావ వచ్చాడు. ఆయనది ప్రజ్ఞాపూర్‌లో రోడ్డు మీద హోటలు. చేతిలో కాగితాలు, సిరా డబ్బా. మా ఇళ్లలో బావ ముందర మరదలు కూర్చోదు. పెళ్లయి వచ్చిన్నాటి నుంచీ ఆయన ఉన్నచోట నేను కుర్చీలో కూర్చోలేదు. ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడ్డాను.

"ఏమ్మా, ఇట్ల రా. గీ కాగితం మీద జర ఏలు ఎయ్యి."

"ఎందుకు బావా?"

"బండికి. నా పేరు మీదికి మార్చుకుంట. రేపు పొద్దుగాల డ్రైవర్‌ను తోల్కొచ్చి తీస్కపోత. మూడు నెలల సంది నిలవడ్డది. బ్యాటరీ కూడ సచ్చిపోయుంటది."

"బ్యాటరీ మంచిగనే ఉన్నది బావా. రోజు స్టార్టు చేస్తున్న. అయినా నా ఏలెందుకు? ఆయన కుడి చెయ్యి మంచిగనే ఉన్నది గద, సంతకం పెడతడు."

బావ నవ్వాడు. "వాని సంతకం చెల్లదు పిల్లా. బండి నీ పేరు మీదున్నది. ఇంటామె పేరుబలం మంచిగున్నది, ఆమె పేరు మీద కొంటె కలిసొస్తదని పంతులు చెప్పిండట. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. మా ఆయన వైపు చూశాను. ఆయన దూలం వైపు చూస్తున్నాడు.

"నిజమేనా?"

"నిజమే."

"ఆరేండ్ల సంది ఒక్క మాట చెప్పలె?"

"నువ్వు అడగలె" అన్నాడు.

కోపం వచ్చింది. నా పేరు రాసి ఉన్న కాగితం ఆరేళ్లు నా ఇంటి బీరువాలోనే ఉంది. పండగలకు చీరలు తీసినప్పుడల్లా నా చేతికి తగిలే ఉంటుంది. అది నా పేరని నా కళ్లకు తెలియలేదు. బావ సిరా డబ్బా మూత తీసి నా వైపు జరిపాడు. నేను చెయ్యి కొంగులో పెట్టుకున్నాను.

"ఎయ్య బావా."

"ఏంది?"

"ఏలు ఎయ్య."

"బండిని ఏం జేస్తవమ్మా నువ్వు? దాని మీద బట్టలు ఆరేస్తవా?"

"రోజు నేనే గద జరిపేది."

"పన్నెండడుగులు జరిపితే తోలుడైతదా? ఎన్నడన్న గల్లీ మూల తిప్పినవా? రెండో గేరు ఏడుంటదో తెల్సా?"

"తెల్వదు."

"మరి?"

బావ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బలవంతం జెయ్య. రేపు పొద్దుగాల మళ్ల వస్త, సోంచాయించుకో. గని బజార్ల ఏమంటరో అది కూడ సోంచాయించు. మొగడు మంచం మీద, పెండ్లానికి కారు గావాలె అంటరు."

అననీ అనుకున్నాను. ఆయన ఆ రాత్రికి ఊళ్లోనే తెలిసినవాళ్లింట్లో ఉంటానని వెళ్లిపోయాడు.

మా ఆయన మెల్లగా అన్నాడు, "ఇచ్చెయ్యరాదు? నేనెట్లాగు తోల. నీకు రెండో గేరే తెల్వకపాయె."

"ఏడుంటదో చెప్పు. తెలుసుకుంట."

"నోటితోని చెప్తె వస్తదా? ఒకటి గిట్ల పైకి. దాని సంది నేరుగ కిందికి గుంజితె రెండు. నడుమకొచ్చి మళ్ల పైకి తోస్తె మూడు."

ఆయన చెబుతూ కుడి చేత్తో దుప్పటి మీద గేర్లు వేస్తున్నాడు. మూడు నెలలుగా అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోవడానికి కూడా బద్ధకించిన చెయ్యి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ వెనక్కి. ఎక్కడా తడుముకోలేదు. నేను ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాను. స్టీరింగు కుడి పక్క ఉంటుంది. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి కుడి చేతికి గేరు రాడ్డు అందుతుంది. ఆయనకు లేనిది క్లచ్చి తొక్కే కాలు. అది నాకుంది. నాకు తెలియనిది గేర్లు. అవి ఆయన చేతిలో ఉన్నాయి.

చెప్పాను. ఆయన నవ్వాడు. రోగం వచ్చాక నవ్వడం అదే మొదలు.

"ఇద్దరు కలిసి ఒక బండి తోలుడా? నవ్వుతరే."

"ఇంట్ల కూసున్నా నవ్వుతున్నరు. బయటికి పోదాం, పోయినకాడ నవ్వని."

"లైసెన్సో?"

"తీసుకుంట."

తర్వాత తీసుకున్నాను కూడా. రోడ్డు గుర్తులు చూపించి అడిగిన ఆఫీసరు, చదువు రాదంటే ఎట్లమ్మా అన్నాడు. గుర్తులు బొమ్మలే గద సారూ, బొమ్మలకు చదువెందుకు అన్నాను. అన్నీ సరిగ్గా చెప్పాను. కానీ ఆ పొద్దుటికి నా దగ్గర లైసెన్సు లేదు. అది తప్పే. ఆ ఒక్క తప్పు ఒప్పుకుంటాను.

మర్నాడు పొద్దున చీకట్లో లేచాను. ఎప్పటిలాగే బండిని గోడ పక్కకు జరిపాను, సాన్పి చల్లాను, ముగ్గు వేశాను. ఈసారి చిన్న ముగ్గు, గడప దగ్గరగా, బండి చక్రాలు తొక్కకుండా. బండిని మళ్లీ ముందుకు తెచ్చి గడపకు ఆనించాను. మా ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగాను. నా భుజం పట్టుకుని ఆ ఒక్క అడుగు వేసి, ఎడమ సీట్లో కూర్చున్నాడు. పడిపోయిన కాలును నేను లోపల పెట్టి తలుపు వేశాను. తిరిగొచ్చి స్టీరింగు ముందర కూర్చున్నాను.

అప్పుడే బావ డ్రైవరుతో వచ్చాడు. బండి పక్కన ఆగాడు. ఆయన నిలబడి ఉన్నాడు, నేను కూర్చుని ఉన్నాను. లేవాలని కాళ్లకు అలవాటుగా అనిపించింది. లేవలేదు.

"బావా, వెనకకు ఎక్కున్రి. దవాఖానకు పోతున్నం. దారిల బస్టాండుల దింపుత."

బావ తమ్ముడి వైపు చూశాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో నేరుగా కూర్చుని, కుడి చెయ్యి గేరు రాడ్డు మీద పెట్టుకుని ఉన్నాడు. "ఎక్కు అన్నా" అన్నాడు. బావ డ్రైవరును పొమ్మని సైగ చేసి, వెనక సీట్లో కూర్చుని, రెండు చేతులతో ముందు సీటు పట్టుకున్నాడు.

క్లచ్చి తొక్కాను. మా ఆయన ఒకటో గేరు వేశాడు. బండి ఒక్క ఊపు ఊగి కదిలింది. ఎదురింటి అత్త చీపురు ఆపి అరిచింది.

"ఏందే కోడలా, ఇంకెంత దూరం ఉన్నదే నీ ముగ్గు?"

పన్నెండు అడుగులు దాటాం. గల్లీ మూల దగ్గర స్టీరింగు మొత్తం తిప్పాను. సందుల్లోని పాత పసుపు నా అరచేతికి అంటింది. బజారు రోడ్డు కనబడింది.

"తొక్కు" అన్నాడు మా ఆయన. తొక్కాను. ఆయన రెండో గేరులోకి గుంజాడు.