మూడు చీరల దూరం

తన దారం పెట్టి కొలవనిదే ఏ దూరాన్నీ నమ్మని మనిషి ధర్మవరం నేతగాడు సుంకప్ప. జేబులో ఎప్పుడూ పట్టుదారపు ఉండ ఒకటి ఉండేది. దాని పొడవు సరిగ్గా ఒక చీర, ఆరు గజాలు. మైళ్లూ కిలోమీటర్లూ ఆయనకు గిట్టవు. బస్టాండెంత దూరమని అడిగితే "రెండొందల చీరలు" అనేవాడు. పాపం, పొరుగూరి వాళ్లు తామడిగింది బట్టలకొట్టేమోనని బిత్తరపోయేవారు.

ఒకసారి కిలోమీటరు రాయి తప్పుగా పాతారని మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డంతా కొలిచాడు. గొర్రెల మంద అడ్డమొచ్చి లెక్క తప్పింది. మళ్లీ మొదలు! అన్నం వేళ దాటిందని వెతుక్కుంటూ వచ్చిన భార్య నారాయణమ్మతో, "వచ్చినావా! ఆ కొస పట్టుకో" అన్నాడు. ఊరంతా చూసి నవ్వింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

1979లో, అదే వీధిలో ఉండే లక్ష్మీదేవమ్మ మొగుడు రామాంజులు, వానల్లేక చేను బీడుపడితే కువైట్‌కు పనికి పోయాడు. మూడు నెలలైనా ఉత్తరం రాలేదు. "అది భూమికి ఆ చివర, పోయినోళ్లు మళ్లీ రారు" అని కొళాయి దగ్గర ఎవరో అన్నారట. ఆ పిల్ల మగ్గం దిగి, ముద్ద ముట్టకుండా పడుకుంది.

ఒళ్లు మండిన సుంకప్ప భార్యతో అన్నాడు: "ఆ మాటన్నోడు దారం పెట్టి చూసినాడా? పదవే హైస్కూలుకు!"

అయ్యవారు రామకృష్ణయ్య పుస్తకం తిరగేసి, "బొంబాయి విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి రెండువేల ఏడొందల యాభై కిలోమీటర్లప్పా" అన్నాడు.

"దారం పెట్టి చూసినారా సార్?"

"సముద్రం మీద దారమెట్ల పెట్టేదప్పా?" అంటూ ఆయన గ్లోబు ముందుకు తోశాడు.

సుంకప్ప దారం కొస బొంబాయి మీద నొక్కాడు. రెండో కొస కువైట్ మీద నారాయణమ్మ వేలితో నొక్కించి, మగ్గం మీద పడుగు లాగినట్టు బిగించి తెంపాడు. తర్వాత అయ్యవారి కిలోమీటర్లను చీరల్లోకి మార్చుకుని, "ఐదు లక్షల చీరలు" అన్నాడు మెల్లగా.

నారాయణమ్మకు భయమేసింది. ఈ మాట వింటే ఆ పిల్ల బతుకుతుందా? ఈయనేమో బెత్తెడు తేడాకు కూడా ఒప్పుకోని మనిషి. "చెప్పొద్దయ్యా, నీకు దండం పెడతా" అని దారిపొడుగునా బతిమాలింది. ఆయన దారం ముక్క వేలికి చుట్టుకుంటూ నడిచాడు.

లక్ష్మీదేవమ్మ గడప పట్టుకుని లేచింది. "ఎంత దూరముండాది మామా?"

సుంకప్ప తెంపిన దారం ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇంతే తల్లీ. నాలుగు వేళ్లు."

"ఇంతేనా!"

"నా చేత్తో కొలిచినా. మన కొళాయే దూరం. అది నూటపది చీరలు."

మూడు నెలల్లో మొదటిసారి ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. "పో మామా, నీ ఎగతాళి!" అంది. కానీ దారాన్ని గుప్పిట్లోంచి వదల్లేదు. నారాయణమ్మ వైపు తిరిగి, "అత్తా, సంగటేమన్నా ఉండాదా?" అనడిగింది.

నారాయణమ్మ పరుగున ఇంటికొచ్చి, సంగటి గిన్నె తీస్తూ నిలదీసింది. "ఐదు లక్షల చీరలు నాలుగు వేళ్లెట్లయినాయయ్యా?"

"గ్లోబు మీద నువ్వే గదా కొస పట్టుకునింది! అబద్ధం యాడుండాది?" అన్నాడు సుంకప్ప. తర్వాత గొంతు తగ్గించి, "ఆ పిల్ల గడప నుంచి మన గడపకు మూడు చీరలే. మెల్లగా పిలిచినా ఇనపడతాది" అన్నాడు.

"అదెప్పుడు కొలిచినావు?"

"రామాంజులు బస్సెక్కిన రోజే."

నారాయణమ్మ కళ్లొత్తుకుని, గిన్నె పట్టుకుని వీధిలోకి దిగింది.

వెనక నుంచి కేక వినిపించింది. "ఏమే! పోతాపోతా అడుగులు లెక్కపెట్టు. కొలత సరిపోయిందేమో చూద్దాం!"