అమ్మమ్మ గొంతు కోసం టేప్ రికార్డర్

మా చిన్నప్పుడు... కొత్తవలసలో రైలెక్కి, విజయనగరంలో టేప్ రికార్డర్ కొనడానికి వెళ్ళాం. అమ్మా, నాన్నా, నేనూ. అమ్మ చేతిసంచిలో ఒకే ఒక్క క్యాసెట్టు. పిన్ని పెళ్ళిలో ఎవరో సరదాకి రికార్డు చేసినది. అందులో అమ్మమ్మ మంగళహారతి పాడుతుంది. ఆ మరుసటేడే అమ్మమ్మ పోయింది... ఆ గొంతు ఇంట్లో వినాలని అమ్మ కోరిక.

షాపాయన ముందు తన క్యాసెట్టు పెట్టాడు. డమడమా మోత... గాజు అలమరాలు అదిరాయి. నాన్న మురిసిపోయాడు. నేను చెవులు మూసుకున్నాను.

"మా క్యాసెట్టు ఎయ్యండి బాబూ," అంది అమ్మ.

అయిష్టంగానే వేశాడు. అమ్మమ్మ గొంతు బిందెలోంచి వచ్చినట్టు వచ్చింది... అమ్మ ముఖం వాడిపోయింది.

"ఇది మా అమ్మ గొంతు కాదు."

"రికార్డింగే బాగోలేదమ్మా. మిషనేటి సేస్తాది?" అని షాపాయన నాన్నవైపు తిరిగాడు. "ఆడోళ్ళకి ఇయ్యేటి తెలుస్తాయి గానీ, ప్యాక్ సేసీమంటారా?"

నాన్న తలూపబోయాడు. వీధంతా చెప్పుకుని వచ్చాం మరి... ఈలోగా అమ్మే మీట నొక్కి క్యాసెట్టు లాగేసుకుంది.

"మా అమ్మ గొంతు నాకు తెల్దేటి? పదండి!"

పక్క షాపులో అయితే మా క్యాసెట్టు ముట్టనే లేదు. పాత టేపు పెడితే మిషన్లో టేపు చదివే హెడ్డు పాడైపోతుందట.

"అయితే మీ మిషను మీకాడే ఉంచుకోండి," అనేసి బయటికొచ్చింది అమ్మ.

రైల్లో నాన్న గొణిగాడు. "అందరూ నవ్వుతారే..."

"నవ్వనీండి. రోజూ ఇనేది నేను."

నిజంగానే నవ్వారు. చాన్నాళ్ళు మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదు. అడిగినవాళ్ళకి అమ్మది ఒకటే జవాబు... "నచ్చలేదు. కొన్లేదు."

తర్వాత శ్రీకాకుళంలో పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు, అమ్మ అందరినీ వెంటబెట్టుకుని మరో షాపుకి బయల్దేరింది. ఫ్యాను ఆపించింది. సౌండు తగ్గించమంది. ఒక సెట్టు తర్వాత ఇంకో సెట్టులో అదే హారతి... షాపాయన విసుక్కున్నా అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

చివరికి మూలనున్న ఒంటి స్పీకరు సెట్టు పెట్టించింది. చరణానికీ చరణానికీ మధ్య అమ్మమ్మ ఆయాసంగా ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది...

"అక్కా... అమ్మే!" అంటూ పిన్ని అమ్మ చెయ్యి పట్టేసుకుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇదే కట్టండి," అన్నాడు నాన్న. ఈసారి ఎవరేమనుకుంటారో చూడలేదు.

ఇప్పుడు ఫోన్లో రేటింగు చుక్కలు లెక్కపెట్టి స్పీకర్లు కొనేస్తున్నాం... మన చెవులకంటే ముక్కూముఖం తెలియనివాళ్ళ మాటే ఎక్కువైపోయింది. మొన్న షోరూములో ఒకసారి వినిపించమంటే, "బాక్సు ఓపెన్ సెయ్యం సార్," అన్నారు. కొనకుండా వచ్చేశాను. తల ఎత్తుకునే వచ్చాను!

మీ ఇంట్లోనూ ఒక గొంతు కోసం ఇలా మొండికేసినవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ గురించి రాయండి. తీరిగ్గా చదువుతాను.