తాత ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ

మిలిటరీ రికార్డు ప్రకారం మా తాత ఎడమ బుగ్గ మీద నల్లటి పుట్టుమచ్చ ఉంది. ఆ సంగతి నాకు మొన్న వేసవిలో, మాజీ సైనికుల ఆఫీసు కిటికీ ముందు తెలిసింది. పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్న బుగ్గ అది. అక్కడ మచ్చ ఉన్న గుర్తు నాకు బొత్తిగా లేదు.

కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా పెద్ద మీసాలాయన. ఆయనా రిటైరైన జవానే. తాత చేత ప్యాంటు మోకాలి పైదాకా లాగించి, అక్కడి పాత గాటు చూసి తృప్తిపడ్డాడు.

"మోకాలు సరిపోయింది. ఇప్పుడు బుగ్గ చూపించు బాబాయ్."

తాత చూపించాడు.

"అది కుడిది. ఎడమది కావాల."

తాత ఎడమది తిప్పాడు. గుమాస్తా కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇందులో పుట్టుమచ్చ అని ఉంది. ఏదీ మచ్చ?"

తాత నా వంక చూశాడు, మచ్చని నేనేదో ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు.

మేం వెళ్లింది మామ్మ కళ్ల కోసం. రెండు కళ్లలోనూ శుక్లాలు. తాత సర్వీసు మీద వచ్చే వైద్యం కార్డు పాతది పనిచెయ్యడం లేదు. కొత్తది వస్తేనే ఆపరేషన్. కొత్తది రావాలంటే తాత ఒంటి మీది గుర్తులు రికార్డుతో కలవాలి.

"రికార్డులో తప్పుంటే దిద్దించుకోవచ్చు" అన్నాడు గుమాస్తా నాతో. "తప్పు ఎలా వచ్చిందో కాగితం మీద రాసి తెండి. డాక్టరమ్మ చూసి కొత్త గుర్తు రాస్తారు."

నేను తలూపాను. కొత్తవాళ్ల ముందు నాకు తలూపడం తప్ప ఇంకేదీ సరిగ్గా రాదు. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో బిల్లులు రాస్తాను. అక్కడికొచ్చే మెకానిక్కుల్లో సగం మంది నాకు మాటలు రావనుకుంటారు. రోజంతా అనలేకపోయినవి ఇంటికొచ్చి డైరీలో అనేస్తాను. అందుకే 'రాసి తెండి' అనగానే నాకు లోపల్లోపల పండగలా అయింది.

తప్పు ఎలా వచ్చిందని ఆటోలో అడిగితే, తాత మొహం తిప్పుకుని పోర్టు గోడ చూడటం మొదలుపెట్టాడు. చెప్పింది మామ్మ. మా ఇంటి అరుగు మీద కూర్చుని, కళ్లతో పని లేకుండా వేళ్లతోనే రొయ్యలు ఒలుస్తోంది.

"మచ్చేటే, మచ్చ! అది మా అత్త ఎట్టిన దిష్టిసుక్క."

మిలిటరీ ఓడల్లోకి కుర్రాళ్లని ఎంపిక చేసే రోజు అది. ఒక్కగానొక్క కొడుకు చొక్కా లేకుండా అంతమంది ముందు నిలబడతాడు, ఎన్ని కళ్లు పడతాయో అని వాళ్లమ్మకి, అంటే మా ముత్తవ్వకి, దిగులు. ఆముదం దీపం మసితో చేసిన కాటుక ఇంత తీసి బుగ్గ మీద అద్దింది. మళ్లీ గడప తొక్కేదాకా తుడుచుకోనని ఒట్టు వేయించుకుంది. పొడుగాటి వరస, తొందరలో ఉన్న డాక్టరు. నల్లగా ఏదో కనిపించింది, రాసేసుకున్నాడు. నోరు తెరిస్తే వెనక్కి పంపేస్తారని తాత బిగుసుకుని నిలబడ్డాడు.

"మరి తర్వాత ఎవరూ పట్టుకోలేదా మామ్మా?"

"ఏడాదికోపాలి డాక్టరు సూసీవోడు కదా. ఆ పొద్దున మళ్లీ ఎట్టుకునీవోడు. మనువయ్యేక ఆ కాటుక బరిణి నానే పెట్టిలో సర్దీదాన్ని. ఓడలో మగోళ్లంతా పెళ్లాం ఫోటోలు దాసుకుంటే మీ తాత కాటుక దాసుకునీవోడు."

నేను నవ్వి నవ్వి రొయ్యల గిన్నె మీద పడబోయాను.

లోపల్నుంచి తాత అరిచాడు. "నవ్వకండే! మోసం సేసేనని పింఛనీ ఆపేత్తే ఏటి సేత్తారు?"

"ఆపడానికి ఆడికి తెలిత్తే కదా" అంది మామ్మ. "ఇలా రాయ్యా. ఇప్పుడే ఎట్టేత్తాను. రేపు ఎల్లి ఆ మీసాలోడికి సూపించీ."

తాత బుద్ధిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మామ్మ చేతులు కడుక్కుని, కాటుక వేలికి అద్దుకుని, ఎడమ చేత్తో తాత గడ్డం పట్టుకుని, చాలా నమ్మకంగా, ముక్కు మీద పెట్టింది.

"సూడే, అచ్చం అలాగే లేదూ?"

నేను పైట నోట్లో కుక్కుకున్నాను. తాత మాత్రం నవ్వలేదు. గోడ అద్దంలో తన ముక్కు చూసుకున్నాడు. తర్వాత మామ్మ కళ్లని చూశాడు, కాసేపు.

"రాయే గుంటా" అన్నాడు నాతో. "ఉన్నదున్నట్టు రాసీ. ఏటైతే అదవుద్ది."

మొదట రాసిన కాగితంలో సముద్రం, ముత్తవ్వ దిగులు, ఆముదం దీపం అన్నీ వచ్చేశాయి. అది డైరీలో అంటించుకుని, ఆఫీసుకి పనికొచ్చేది వేరే రాశాను.

ఈసారి మామ్మ కూడా వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసావిడ. కాగితం చదివి, తలెత్తి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"దిష్టిచుక్కా?"

తాత నిటారుగా నిలబడి ఎదురు గోడని చూస్తున్నాడు. కాగితం రాసింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే. నా గొంతు నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దగా వచ్చింది.

"అవును మేడమ్! వాళ్లమ్మ పెట్టింది! తర్వాత మామ్మ పెట్టింది! ఒట్టు వేశాక తీసేస్తే ఎలా మేడమ్!"

కిటికీ దగ్గర గుమాస్తా కూడా ఇటు తిరిగాడు. డాక్టరమ్మ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. కాగితం ఊగుతోంది.

"మా అమ్మ కూడా నా పరీక్షలకి పెట్టేది" అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "కాకపోతే అరికాలికి."

"అరికాలికా!" మామ్మ నొసలు కొట్టుకుంది. "మా అత్తకి ఆ తెలివి లేపోయింది తల్లీ!"

"సరే, కొత్త గుర్తు రాద్దాం. పెద్దాయనా, మీకు నిజం మచ్చ ఎక్కడుంది?"

తాత ఆలోచించాడు. చేతులు చూసుకున్నాడు. తెలియదన్నాడు. మామ్మ లేచి, తడుముకుంటూ వెళ్లి, తాత ఎడమ చెవి పట్టుకుని ముందుకి మడిచింది. చెవి వెనక, జుట్టు మొదట్లో, కందిగింజంత మచ్చ. మామ్మ వేలు దాని మీదే ఉంది.

డాక్టరమ్మ దూదికి స్పిరిట్ అద్ది రుద్దింది. పోలేదు.

"గట్టిగా రుద్దమ్మా" అంది మామ్మ. "ఇది మేం ఎట్టింది కాదు."

తాత చెవి ఎర్రగా కందిపోయింది. చిన్నపిల్లాడిలా మెలికలు తిరుగుతున్నాడు. ఆ రోజు నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆటో డ్రైవరు అద్దంలో చూసి "ఏటమ్మా, ఉద్యోగం వచ్చిందేటి?" అని అడిగితే, తలూపకుండా, "కాదన్నా, మచ్చ వచ్చింది" అన్నాను.

వానలు మొదలయ్యాక రికార్డు దిద్దిన కాగితమూ, దాని వెనకే కార్డూ వచ్చాయి. ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో నర్సు మామ్మ కాళ్ల మీద దుప్పటి సర్దుతూ ఆగిపోయింది.

"పాదం కింద ఇదేంటి మామ్మా, నల్లగా?"

తాత కిటికీ వైపు తిరిగి చొక్కా జేబులోకి ఏదో తోసుకుంటున్నాడు. చూపుడు వేలు నల్లగా ఉంది.

"పుట్టుమచ్చమ్మా" అంది మామ్మ గంభీరంగా. "రాసీసుకో."